ట్రిపుల్ ఐటీ సీట్లలో ప్రభుత్వ బడి పిల్లలకి 4 శాతం కలపడం న్యాయమేనా?

మీరు అడిగింది ఇదీ: మీ అమ్మాయి ప్రైవేటు స్కూల్లో చదివి పదో తరగతిలో 600కి 582 తెచ్చుకుంది. నూజివీడు ట్రిపుల్ ఐటీ మొదటి లిస్టులో పేరు లేదు. అదే ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివిన అమ్మాయికి 565 వస్తే సీటు ఇచ్చారు. 17 మార్కులు ఎక్కువ తెచ్చుకున్న పిల్లని ఆపడం ఏం న్యాయం, ఇంతకంటే అందరికీ ఒకటే ఎంట్రన్స్ పెట్టొచ్చు కదా అన్నారు.

నేను నూజివీడుకి దగ్గర్లోనే ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఏటా మే నెలలో మా పిల్లల చేత ట్రిపుల్ ఐటీకి అప్లికేషన్లు పెట్టించే పని కూడా నాదే. కాబట్టి నేను ఎటువైపు నుంచి మాట్లాడుతున్నానో ముందే తెలిసి ఉండటం మంచిది. నా మాట సూటిగా చెప్తాను: ఆ 4 శాతం ఉండాల్సిందే. కానీ సీట్ల ఎంపికలో అన్యాయం లేదని మాత్రం అనను. అది ఉన్న చోటు వేరు.

ముందు లెక్క చూద్దాం. హాస్టల్ లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివినవాళ్ళకి డిప్రివేషన్ స్కోరు అని మార్కుల మీద 4 శాతం కలుపుతారు. 565లో 4 శాతం అంటే 22.6. మొత్తం 587.6. అంటే మెరిట్ లిస్టులో ఆ అమ్మాయి మీ అమ్మాయి కంటే ఐదున్నర మార్కులు పైన ఉంది. దీనికి తోడు రిజర్వేషన్ క్యాటగిరీలు వేరుగా ఉంటాయి, ఆడపిల్లలకి మూడో వంతు ఉంటుంది, స్థానిక కోటా ఉంటుంది. ఇద్దరిదీ ఒకే క్యాటగిరీ అయితే తప్ప ఈ పోలికకి అర్థం లేదు. అది ఒకసారి చూసుకోండి. చాలామంది తల్లిదండ్రులు పక్కింటి పిల్ల మార్కులు చూసి బాధపడతారు గానీ, ఆ పిల్ల పోటీ పడిన వరస వేరని ఎవరూ చెప్పరు.

ఇక ఈ స్కోరు ఎందుకొచ్చిందో చెప్తాను. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 2008లో చట్టం చేసి ఆర్‌జీయూకేటీ (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్) పెట్టారు. మనం ట్రిపుల్ ఐటీ అనేది దీన్నే. అప్పుడు మూడు క్యాంపస్‌లు: నూజివీడు, ఇడుపులపాయ, బాసర. రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకి వెళ్ళింది, మనకి ఒంగోలు, శ్రీకాకుళం కలిశాయి. ఒక్కో క్యాంపస్‌లో 1,000 సీట్లు, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన అగ్రకులాల కోటా) కింద ఇంకో 100. పదో తరగతి అవగానే పిల్లని తీసుకుని రెండేళ్ళు పీయూసీ (అంటే ఇంటర్ లాంటిదే), నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు అక్కడే ఉంచి చదివించడం దీని పద్ధతి. పల్లెటూరి పిల్లలు ఇంజనీరింగ్‌కి ఎక్కడ ఆగిపోతున్నారో చూసి అంతకంటే ముందే పట్టుకోవాలన్నది ఆలోచన. వాళ్ళు ఆగిపోయేది ఇంటర్ దగ్గర. అక్కడ లక్షల ఫీజు కట్టి హాస్టల్లో పడేసి ఎంసెట్ (ఇంజనీరింగ్ ఎంట్రన్స్) రుద్దించే కాలేజీలకి వెళ్ళగలిగినవాడు ఒక దారి, మండల కేంద్రంలో జూనియర్ కాలేజీకి వెళ్ళేవాడు ఇంకో దారి అవుతారు. ఎంట్రన్స్ లేకపోవడం అనేది ఈ యూనివర్సిటీ మర్చిపోయిన విషయం కాదు, కావాలని వదిలేసిన విషయం.

ఎంట్రన్స్ పెడితే ఏమవుతుందో మనం ఊహించుకోనక్కర్లేదు కూడా. పెట్టి చూశారు. కోవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి, అందరూ పాసే. మార్కులు లేకపోతే సీట్లు ఎలా ఇస్తారు? అందుకని 2020లోనూ 2021లోనూ ఆంధ్రలో ఆర్‌జీయూకేటీ సెట్ అని ఒక పరీక్ష పెట్టారు. 100 మార్కులు, అందులో సగం లెక్కలే. సిలబస్ పదో తరగతిదే, కొత్తదేమీ లేదు. అయినా ప్రకటన వచ్చిన వారం తిరక్కుండా బస్టాండు గోడల మీద షార్ట్ టర్మ్ కోచింగ్ పోస్టర్లు పడ్డాయి. మా పిల్లలు అప్పటికి నెలల తరబడి బడి మొహం చూడలేదు. ఆన్‌లైన్ పాఠాలంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్న జేబులో పొలానికి వెళ్ళిపోతుంది. బహుళైచ్ఛిక ప్రశ్నలకి జవాబు పత్రంలో వృత్తాలు నింపడం కూడా చాలామందికి అదే మొదటిసారి. ఆ రెండేళ్ళూ మా బడి నుంచి ఒక్కరికీ సీటు రాలేదు. 2022లో మళ్ళీ పదో తరగతి మార్కులకి మారాక మా పిల్లలు మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టారు. పిల్లలు మారలేదు, నేనూ అదే టీచర్ని, అదే నల్లబల్ల.

ఒకటే పరీక్ష అంటే అందరికీ సమానం అనిపిస్తుంది, నిజమే. గది ఒకటే, పేపరు ఒకటే, గంటలు ఒకటే. కానీ ఆ గది గుమ్మం దాకా ఎవరెలా వచ్చారన్నది ఆ పేపరు అడగదు. ఎంసెట్ 1986 నుంచి ఉంది, ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. అది అడిగే 160 ప్రశ్నల చుట్టూ మన దగ్గర ఎంత పెద్ద వ్యాపారం అల్లుకుందో నేను చెప్పక్కర్లేదు. ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఇచ్చారు, కాలేజీల్లో మార్కుల పంట పండింది. తెలంగాణ ఆ వెయిటేజీ తీసేసింది. ఇంకా ఘోరం, 2016లో తెలంగాణలో ఎంసెట్-2 పేపరే లీకై పరీక్ష రద్దు చేసి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. ఏ కొలత పెట్టినా డబ్బున్నవాళ్ళు ముందుగా దాన్ని పట్టుకుంటారు. అందుకని కొలతలే వద్దని నేను అనను. ఎవరు ఎంత సులభంగా పట్టుకోగలరో లెక్కలోకి తీసుకోమంటాను.

ఇప్పుడు 565 వచ్చిన ఆ అమ్మాయి సంగతి. ఆవిడ నాకు తెలియదు, కానీ అలాంటివాళ్ళని ప్రతి ఏడూ చూస్తాను. మా దగ్గర ఫిబ్రవరి వచ్చిందంటే చాలా ఇళ్ళకి తాళాలు పడతాయి. అమ్మానాన్నా మిరప కోతలకి గుంటూరు వైపో ఖమ్మం వైపో వెళ్తారు. పదో తరగతి పరీక్షలు సరిగ్గా అప్పుడే, మార్చిలో. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండి వంట చేసుకుని, తమ్ముణ్ణి బడికి పంపి, తను వచ్చి పరీక్ష రాస్తుంది. మా బడిలో ఒక సంవత్సరమంతా ఫిజికల్ సైన్స్ పోస్టు ఖాళీ. నేనే లెక్కలతో పాటు అదీ కొంత లాక్కొచ్చాను, పక్క బడి నుంచి వారానికి రెండు రోజులు ఒక మాస్టారు వచ్చేవారు. ఆ ఏడాది మా టాపర్ ఆ సబ్జెక్టులోనే మార్కులు పోగొట్టుకుంది. ఆ పోయిన మార్కులు ఆ పిల్ల తెలివి తక్కువని చెప్తున్నాయా, మా బడిలో టీచర్ లేడని చెప్తున్నాయా? 22 మార్కులు కలపడమంటే ఆ రెండో సంగతిని కొంతవరకు పక్కన పెట్టడం. దాన్ని దయాదాక్షిణ్యం అనుకోకండి, కొలత సవరించడం అనుకోండి. 22 సరైన సంఖ్యా అంటే, ఎవరూ నిరూపించలేరు. 15 కావచ్చు, 30 కావచ్చు. మొరటు లెక్కే.

మొరటుదైనా ఆ లెక్కలో నాకు నచ్చేది ఒకటుంది. ఎవరైనా ఇంట్లో కాగితం మీద వేసి చూసుకోవచ్చు. మా అన్నయ్య కొడుకు అమెరికాలో ఉంటాడు, అక్కడ వ్యాసాలు రాయించుకుంటారు, పిల్ల పెరిగిన పరిస్థితులు మొత్తం చూస్తారు, మన దగ్గర కూడా అలా చెయ్యొచ్చు కదా అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. మన దగ్గర ఇంటర్వ్యూ పెట్టారనుకోండి, పిల్ల కంటే ముందు ఎమ్మెల్యే గారి లెటరు వస్తుంది. వ్యాసం రాయమంటే వ్యాసాల కోచింగ్ మొదలవుతుంది. సిఫార్సు చేసే మనిషి లేని ఇంటికి కనపడే ఫార్ములా ఒక్కటే రక్షణ. అందుకే మొరటుదైనా దాన్ని వదులుకోను.

"మరి ప్రైవేటు స్కూల్లో చదివే పేదవాళ్ళ సంగతేంటి?" అని మీరు అడగలేదు గానీ, అడగాల్సిన అసలు ప్రశ్న అదే. ఇక్కడ మీ కోపానికి న్యాయముంది. ఊళ్ళలో చిన్న చిన్న ప్రైవేటు బడులుంటాయి. రేకుల షెడ్డు, నెలకి కొన్ని వందల ఫీజు, డిగ్రీ కూడా పూర్తవని అమ్మాయిలు పాఠాలు చెప్తుంటారు. ఇంగ్లీషు మీడియం అన్న ఒక్క బోర్డు చూసి ఆటో నడిపే తండ్రి, టైలరింగ్ చేసే తల్లి అక్కడ చేరుస్తారు. ఆ పిల్లకీ విజయవాడలో ఏసీ క్లాసురూములో చదివే పిల్లకీ ఈ ఫార్ములాలో తేడా లేదు. ఇద్దరికీ సున్నా. ఇది తప్పే.

అలాంటప్పుడు బడిని బట్టి కాకుండా ఆదాయాన్ని బట్టి కలపొచ్చు కదా? కాగితం మీద అదే సరైనది. కానీ మా ఊళ్ళో ఆదాయ ధ్రువపత్రం చూశారా ఎప్పుడైనా? రెండంతస్తుల డాబా ఉన్నాయనకీ, కూలికి వెళ్ళే ఆవిడకీ ఒకటే అంకె పడి వస్తుంది. నెల జీతం వచ్చే ఉద్యోగులకి తప్ప ఇంకెవరికీ ఆదాయం ఎంతో రుజువు చేసే కాగితం లేదు. బడి రిజిస్టరు అలా కాదు. ఐదేళ్ళు మా బడిలో చదివిన పిల్ల ఐదేళ్ళు అటెండెన్సులో ఉంటుంది, మధ్యాహ్న భోజనం లెక్కలో ఉంటుంది, దాన్ని రాత్రికి రాత్రి పుట్టించలేరు. పేదరికాన్ని కొలవడానికి బడి గొప్ప కొలత కాదు, అబద్ధం ఆడటం కష్టమైన కొలత. అంతవరకే.

కష్టం అన్నాను గానీ అసాధ్యం అనలేదు. తొమ్మిదో తరగతి దాకా పట్నంలో చదివించి, పదోది మాత్రం మా బడిలో చేరుస్తామని టీసీ పట్టుకుని వచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. కొందరైతే "పేరు మీ రిజిస్టర్లో ఉంచండి, పిల్లాడు కోచింగ్‌లో ఉంటాడు, పరీక్షలకి వస్తాడు" అని మొహమాటం లేకుండా అడుగుతారు. మా హెడ్మాస్టారు ఇలాంటివి గుమ్మంలోనే తిప్పి పంపేస్తారు. అన్ని చోట్లా అలాంటి హెడ్మాస్టార్లే ఉంటారా? ఆ 4 శాతం పదో తరగతి ఒక్కటీ చూసి కాకుండా ఆరు నుంచి పది దాకా చదివిన ఏళ్ళని బట్టి ఇస్తే, ఈ దారి చాలావరకు మూసుకుపోతుంది. స్టడీ సర్టిఫికెట్లు ఎలాగూ స్థానికత కోసం అడుగుతూనే ఉంటారు కదా.

పాత గ్రేడింగ్ రోజులతో పోలిస్తే ఇప్పుడు నయమని కూడా చెప్పాలి. ఆ రోజుల్లో 600కి మార్కులు ఇచ్చేవాళ్ళు కాదు, జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, ఇచ్చేవాళ్ళు. 2019లో ఆంధ్రలో 10కి 10 జీపీఏ వచ్చినవాళ్ళే ముప్పై వేలు దాటారు. సీట్లు వాళ్ళలో ఆరో వంతు కూడా లేవు. అప్పుడు ప్రభుత్వ బడి పిల్లలకి 0.4 కలిపేవాళ్ళు. 9.7 వచ్చిన మా పిల్ల 10.1 అయ్యి, 10 వచ్చిన ప్రైవేటు పిల్లల గుంపు మొత్తాన్ని ఒక్క దెబ్బకి దాటిపోయేది. మీలాంటి తండ్రులకి అప్పుడు ఇంకా మండిపోయి ఉంటుంది. సమానంగా వచ్చినవాళ్ళని విడగొట్టడానికి ముందు లెక్కల గ్రేడు, తర్వాత సైన్సు, అలా ఒక్కో సబ్జెక్టూ చూసేవాళ్ళు. అందరికీ అన్నిటికంటే పై గ్రేడు ఏ1 ఉంటే అవేం తేలుస్తాయి? చివరికి పుట్టిన తేదీ. వయసులో పెద్దవాళ్ళకి ముందు. అదీ ఒకటే అయితే హాల్ టికెట్ నంబరు నుంచి తీసిన ర్యాండమ్ నంబరు. అంటే పదేళ్ళ చదువు అయిపోయాక సీటు తేల్చింది పుట్టినరోజు. దీనికి తోడు బడిలోనే వేసే 20 ఇంటర్నల్ మార్కులు ఉండేవి. కొన్ని ప్రైవేటు స్కూళ్ళలో ఆ 20కి 20 పడని పిల్లాడు ఉన్నాడంటే ఫీజు బాకీ ఉన్నాడేమో అని మేం స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్ళం. 2019లోనే ఆ ఇంటర్నల్స్ ఎత్తేశారు, తర్వాత గ్రేడ్లూ పోయి మార్కులు వచ్చాయి. ఒక మార్కు ఎక్కువొస్తే ఒక మార్కు ఎక్కువే అని ఇప్పుడు తెలుస్తోంది. ఈ జబ్బు మనదొక్కటే కాదు. ఢిల్లీ యూనివర్సిటీలో 2021లో కొన్ని కాలేజీల కోర్సులకి కటాఫ్ నూటికి నూరు పెట్టారు. 99.5 వచ్చినవాడు ఫెయిలైనట్టు ఏడవాల్సిన పరిస్థితి. ఆ తర్వాతి ఏడాది నుంచే వాళ్ళు సీయూఈటీ ఎంట్రన్స్‌కి మారారు.

నా చేతిలో ఉంటే ఏం చేసేదాన్నని అడిగితే, మండలాన్ని లెక్కలోకి తెచ్చేదాన్ని. రాష్ట్రంలో 680 దాకా మండలాలున్నాయి. ఒక్కో మండలంలో ప్రభుత్వ బడుల్లో ముందున్న ముగ్గురికి సీటు ఖాయం అన్నామనుకోండి, రెండు వేల సీట్లు అవుతాయి. మొత్తంలో సగం కూడా కాదు. మిగతావి ఇప్పటి పద్ధతిలోనే ఇవ్వొచ్చు. దీనివల్ల ఏజెన్సీ మండలంలో 520 తెచ్చుకుని ఫస్ట్ వచ్చిన పిల్లకి, కృష్ణా డెల్టాలో 580 తెచ్చుకున్న పిల్లతో పోటీ తప్పుతుంది. రిజర్వేషన్ రోస్టరుతో దీన్ని కలపడం తలనొప్పి వ్యవహారమే, ఒప్పుకుంటాను. తమిళనాడు ఇంకో దారి పట్టింది. అక్కడ ఇంజనీరింగ్‌కి ఎంట్రన్స్ ఎప్పుడో తీసేసి ప్లస్ టూ మార్కులతోనే సీట్లిస్తారు. 2020లో మెడికల్ సీట్లలో, మరుసటి ఏడు ఇంజనీరింగ్ లాంటి కోర్సుల్లో, ప్రభుత్వ బడి పిల్లలకి 7.5 శాతం విడిగా పెట్టారు. మార్కులు కలపడం లేదు, వాళ్ళ వరస వాళ్ళది. దీంట్లో మీలాంటివాళ్ళకి "మా మార్కుల్ని దాటేశారు" అన్న బాధ ఉండదు. కానీ ఆ కోటా 7.5 దగ్గరే ఆగిపోతుంది, అది దాటితే పిల్లలు ఏ సవరణా లేకుండా మామూలు వరసలోనే పోటీ పడాలి. అందుకే నాకు మన పద్ధతే మెరుగనిపిస్తుంది.

ఇంతకీ పెద్ద అన్యాయం ఈ లెక్కల్లో లేదండి. అప్లికేషన్ పెట్టనివాళ్ళ దగ్గరుంది. వాళ్ళ గురించి ఏ లిస్టూ చెప్పదు. ఫలితాలు వచ్చేసరికి బడికి సెలవులు. అప్లికేషన్ ఆన్‌లైన్లో. కులం, ఆదాయం, ఈడబ్ల్యూఎస్ కాగితాలకి గ్రామ సచివాలయం చుట్టూ తిరగాలి. బడిలో ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో రీచార్జి లేక పోయి ఉంటుంది, ఓటీపీ ఎవరికి వస్తుందో దేవుడికే తెలియాలి. ఒకసారి మంచి మార్కులు వచ్చిన పిల్ల జాడ లేకపోతే వెతుక్కుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. మామిడి తోటలో కాయలు ఏరే పనిలో ఉందన్నారు. ఆ పిల్లకి గడువు తేదీ తెలియదు, సీటు వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుందనీ తెలియదు. తోటలోనే నిలబడి ఫోన్లో వివరాలు నింపాం. ఆ పిల్ల ఇప్పుడు ఇడుపులపాయలో బీటెక్‌లో ఉంది. ఇలా వెతుక్కుంటూ వెళ్ళే మనిషి లేని బడుల్లో ఇలాంటి పిల్లలు ఎంతమంది జారిపోతారు? పదో తరగతి మార్కులన్నీ ప్రభుత్వం దగ్గరే ఉంటాయి. అర్హత ఉన్న ప్రతి పిల్లకీ వాళ్ళే ఉత్తరం పంపొచ్చు, ఆ ఊరి బడికే పంపొచ్చు. దీనికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

"తక్కువ మార్కులతో వెళ్ళినవాళ్ళు అక్కడ తట్టుకుంటారా" అని కూడా చాలామంది అడుగుతుంటారు. నాకు తెలిసింది మా బడి పిల్లల సంగతే. మొదటి సెమిస్టర్ ఏడుస్తారు, ఫోన్ చేసి వచ్చేస్తామంటారు. ఇంగ్లీషు, ఇల్లు, కొత్త తిండి, అన్నీ ఒకేసారి మీద పడతాయి. పీయూసీ రెండో ఏడాదికి ఫోన్లు తగ్గుతాయి. బీటెక్ రెండో ఏడాదికి వచ్చేసరికి సంక్రాంతికి వచ్చినప్పుడు మాకే పాఠాలు చెప్తారు. మధ్యలో వదిలేసినవాళ్ళూ ఉన్నారు, కానీ పది మార్కులు తక్కువ వచ్చినందుకు కాదు, ఎక్కువగా ఇంటి పరిస్థితుల వల్ల.

ఇక మీ అమ్మాయి విషయం. 582 చిన్న మార్కులేమీ కాదు. మొదటి లిస్టుతో ఆశ వదులుకోకండి. సీటు వచ్చినవాళ్ళలో కొంతమంది ఆరేళ్ళు దూరం పంపలేక మానేస్తారు, కొందరు పెద్ద కాలేజీల్లో ఇంటర్‌కి వెళ్ళిపోతారు, కొందరు పాలిటెక్నిక్‌కి. అందుకే తర్వాతి విడతల కౌన్సెలింగ్ ఉంటుంది. నాలుగు క్యాంపస్‌లకీ ఆప్షన్ ఇచ్చారా లేదా చూడండి. నూజివీడే కావాలని పట్టుబట్టి శ్రీకాకుళం, ఒంగోలు పెట్టకుండా వదిలేసే పొరపాటు మన జిల్లావాళ్ళు ఎక్కువగా చేస్తారు. సర్టిఫికెట్లన్నీ ఒరిజినల్స్‌తో సిద్ధంగా ఉంచుకోండి, పిలుపు వచ్చాక టైమ్ తక్కువ ఇస్తారు. ఈలోగా ఇంటర్ ఎంపీసీలో చేర్చేయండి, కానీ మొత్తం ఫీజు ఒకేసారి కట్టకండి. టీసీ వెనక్కి ఇవ్వడానికి ఇబ్బంది పెట్టే కాలేజీలు ఉంటాయి, ఆ మాట చేరేముందే కాగితం మీద రాయించుకోండి. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలీసెట్ రాసి ఉంటే ఆ కౌన్సెలింగ్ కూడా వదలొద్దు. డిప్లొమా చేసి, వాళ్ళకోసం పెట్టే ఈసెట్ ఎంట్రన్స్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు, ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ దారిని ఎందుకో పెద్దగా పట్టించుకోరు.